అట్టమీది ధర, అమ్మిన ఊరు: తిరుత్తణి ప్రాంతపు పాత పిల్లల పత్రికల గురించి

పాత పత్రికలను పరిశోధనకు ఉపయోగించే మన విద్యార్థులు సంచిక సంఖ్య, నెల, సంపాదకుని పేరు రాసుకొని అట్టమీది ధరను విడిచిపెట్టడం పరిపాటి. మరికొందరు ఇందుకు విరుద్ధంగా ధరను చూసీచూడగానే ఆ ప్రతి ఏ ప్రాంతంలో అమ్ముడైందో నిర్ణయించేస్తారు. రెండూ సరికావు. ధర ఒక ఆధారమే గాని, అది చెప్పేదెంత, చెప్పనిదెంత అన్నది ముందుగా తేల్చుకోవలసి ఉంది.

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల తెలుగువారికి ఇది ఎక్కడో దూరపు విషయం కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత అక్కడ తెలుగు చదివే పిల్లలు ఎందరు మిగిలారు, ఏమి చదివారు? జనాభా లెక్కలు మాతృభాషను చెబుతాయి గాని చదువును చెప్పవు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక తెలుగు బడుల వారు న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ పైకి వచ్చింది. తిరుత్తణిలో తెలుగు ఉందనడానికి అక్కడ 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు చెప్పడం మనకు అలవాటు. ఒక మహనీయుని జన్మస్థలం వల్ల ఆ ఊరి పిల్లలు ఏమి చదివారో తెలియదు. వారి చేతుల్లో నలిగిన చందమామ వల్ల కొంత తెలుస్తుంది.

ధరను పట్టుకొని అమ్మిన చోటును వెదకడం అనే పద్ధతి అమెరికా కామిక్ పుస్తకాల సేకరణదారులది. 1976లో మార్వెల్ సంస్థ తన పుస్తకాల ధరను 25 సెంట్ల నుంచి 30 సెంట్లకు పెంచదలచింది. పెంచితే పాఠకులు తగ్గుతారేమోనని, ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు తేదీ గల సంచికలలో కొన్ని ప్రతులను మాత్రం 30 సెంట్లకు అచ్చువేసి కొన్ని పరిమిత ప్రాంతాలకే పంపింది. లోపలి కథ, బొమ్మలు అన్నీ ఒకటే. అట్టమీది అంకె ఒక్కటే వేరు. 1977లో జూన్ నుంచి అక్టోబరు సంచికల వరకు 35 సెంట్లతో ఇదే ప్రయోగం మళ్ళీ చేసింది. సుమారు రెండు దశాబ్దాల తరువాత గాని సేకరణదారుల దృష్టి వీటిమీద గట్టిగా పడలేదు. అప్పటికి ఏ ప్రతి ఏ ఊరి దుకాణానికి వెళ్ళిందో చెప్పగలిగినవారు అరుదు. కాబట్టి ప్రతులు ఎక్కడెక్కడ దొరుకుతున్నాయో గుర్తు పెట్టుకొని, ఎక్కువగా దొరికిన చోటే మొదట అమ్మిన చోటని వారు ఊహించారు.

ఈ ఊహ ఆకర్షణీయమైనది. ఇందులో లోపం కూడా ఉంది. దొరికిన చోటు, అమ్మిన చోటు ఒకటి కానక్కరలేదు. పుస్తకం పెట్టెలో పడి ఇల్లు మారుతుంది, పాతపుస్తకాల వర్తకుని వెంట రాష్ట్రాలు దాటుతుంది. ఒక ఊరిలో శ్రద్ధగల సేకరణదారు ఒకడుంటే ఆ ఊరిలోనే ఎక్కువ ప్రతులు దొరికినట్లు కనిపిస్తుంది. వాస్తవంలో అక్కడ ఎక్కువగా ఉన్నది వెదికేవాడు. ధరను నమ్ముకోవడంలోనూ చిక్కు ఉంది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ మొదటి సంచికకు 35 సెంట్ల ప్రయోగ ప్రతులున్నాయి, అదే ధరతో వచ్చిన పునర్ముద్రణలూ ఉన్నాయి. అంకె మాత్రమే చూసి అరుదైనదనుకున్నవారు మోసపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

మనవైపు ఈ పొరపాటుకు మూర్ మార్కెట్టు మంచి ఉదాహరణ. మద్రాసు సెంట్రల్ స్టేషను పక్కన ఉండి 1985 మే నెలలో అగ్నికి ఆహుతైన ఆ మార్కెట్టులో పాత తెలుగు పత్రికలు కొన్నవారు ఎందరో ఉన్నారు. అక్కడికి పాతకాగితం నలుదిక్కుల నుంచీ వచ్చేది. తిరువళ్ళూరులో ఒక ఇల్లు ఖాళీ చేస్తే ఆ కట్టలు మూర్ మార్కెట్టుకు చేరవచ్చు, నెల్లూరు నుంచి వచ్చినవీ ఆ పక్కనే ఉండవచ్చు. అక్కడ కొన్న ప్రతిని మద్రాసు పాఠకునిదిగా లెక్కించడం ఏ విధంగానూ నిలవదు.

అచ్చయిన ధర కంటే రబ్బరు ముద్ర విలువైన సాక్షి. బ్రిటన్‌లో ఇది బాగా తెలుస్తుంది. 1959 చివరి నుంచి అమెరికా కామిక్ పుస్తకాలు అక్కడికి దిగుమతైనప్పుడు లెస్టర్ నగరపు పంపిణీదారులు థార్ప్ అండ్ పోర్టర్ వారు సెంట్ల ధర ఉన్న అట్టమీదే పెన్సుల ధరను రబ్బరు ముద్రతో వేశారు. తరువాత కొన్ని సంస్థలు అమెరికాలోనే పెన్సుల ధరతో విడిగా అచ్చువేసి పంపాయి. ఈ రెండవ రకం ప్రతి తాను ఏ దేశానికి ఉద్దేశించబడిందో చెబుతుంది. మొదటి రకం ప్రతి ఎవరి చేతిమీదుగా వెళ్ళిందో కూడా చెబుతుంది. మన పరిశోధకునికి కావలసినది ఈ రెండవ సమాచారమే.

ఇక మన పత్రికలు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లోను, చక్రపాణి, నాగిరెడ్డిగార్ల ‘చందమామ’ 1947 జూలైలోను మద్రాసు నుంచే వెలువడ్డాయి. తెలుగు పిల్లల పత్రికలకు పుట్టిల్లు మద్రాసు కావడం వల్ల తిరువళ్ళూరు, తిరుత్తణి వాటికి చివరి అంచులు కావు, మొదటి మజిలీలు. మద్రాసు నుంచి అరక్కోణం మీదుగా రేణిగుంటకు పోయే రైలు దారిలో ముందు తిరువళ్ళూరు, అరక్కోణం దాటాక తిరుత్తణి, ఆపైన పుత్తూరు వస్తాయి. ఆ దారిలో రాయలసీమకు పోయే పత్రికల కట్ట ఏదైనా ఈ రెండు స్టేషన్లను దాటే పోవాలి. తిరుత్తణి ఏ రాష్ట్రంలో ఉన్నా రైలు దారి మారలేదు. సరిహద్దు మారితే తెలుగు పత్రిక రావడం ఆగిపోయిందని తేలికగా రాసేవారు ఈ సంగతిని గమనించాలి.

ఈ కాలపు ధరలను చదవడానికి నాణేల చరిత్ర తెలిసి ఉండాలి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. రూపాయికి పదహారణాల స్థానంలో నూరు నయాపైసలు. ఆరణాలంటే లెక్కకు ముప్ఫయ్యేడున్నర. అర నయాపైస నాణెం లేదు కనుక ప్రభుత్వపు పట్టిక దానిని 37గా కట్టింది. కొన్నేళ్ళు రెండు రకాల నాణేలూ చెలామణిలో ఉన్నాయి. 1964 జూన్‌లో ‘నయా’ అన్న మాట తొలగిపోయింది. అందువల్ల నెల, సంవత్సరం చిరిగిపోయిన ప్రతిమీద ధర అణాల్లో ఉంటే అది కొత్త నాణేలకు ముందుదో, వచ్చిన కొత్తలోదో అయి ఉండాలి. నయాపైసల్లో ఉంటే 1957కూ 1964కూ నడిమిది, లేదా అటూ ఇటూ కొద్ది నెలలు. తిరుత్తణి చేతులు మారిన 1960 సరిగ్గా ఈ నడుమనే పడింది. కనుక నయాపైసల ప్రతి సరిహద్దుకు ముందుదా వెనుకదా అన్నది ధర చెప్పలేదు.

ఆ చెప్పగలిగినది బడి ముద్ర, గ్రంథాలయ ముద్ర. చిత్తూరు జిల్లా పేరుతో ఉన్న తిరుత్తణి ముద్ర 1960కి ముందటి కాలాన్ని సూచిస్తుంది. చెంగల్పట్టు జిల్లా అని ఉంటే తరువాతిది. తిరువళ్ళూరు జిల్లా అన్న పేరు 1997కు ముందు లేదు. తిరువళ్ళూరు పట్టణపు ప్రతులకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు, ఆ ఊరు 1960కి ముందూ తరువాతా చెంగల్పట్టు జిల్లాలోనే ఉంది. మరొక జాగ్రత్త కూడా అవసరం. జిల్లా మారిన మర్నాడే ఏ ప్రధానోపాధ్యాయుడూ కొత్త రబ్బరు ముద్ర చేయించడు. పాతది అరిగేదాకా వాడతాడు. ముద్రతోపాటు నమోదు సంఖ్య, తేదీ ఉంటేనే గట్టి ఆధారం.

రైల్వే పుస్తకశాల ముద్ర, ఏజెంటు పేరు, పోస్టులో వచ్చిన ప్రతికి నిలువునా పడిన మడత, అట్టమీద పిల్లవాడు రాసుకున్న పేరు, తరగతి ఇవన్నీ ధరకంటే మంచి సాక్షులు. ఏటా ఫిబ్రవరి తరువాతి సంచికలో అచ్చువేయవలసిన నాలుగవ ఫారం ప్రకటనను కొందరు ఇందుకు ఉదాహరిస్తున్నారు. అది ప్రచురణ స్థలాన్ని, యజమానిని చెబుతుంది. అమ్మకం గురించి ఒక్క మాటా చెప్పదు. అన్నిటికంటె పెద్ద శత్రువు బైండింగు. పన్నెండు నెలల సంచికలను ప్రేమగా కట్టించుకున్న కుటుంబాలు అట్టలను తీయించి పారేశాయి. ధర, ముద్ర, పేరు మూడూ పోయి కథలు మిగిలాయి.

నా అభిప్రాయంలో ఈ ప్రాంతంలో వెదకవలసిన అసలు భేదం ధరలో లేదు, లిపిలో ఉంది. చందమామతోపాటే దాని తమిళ రూపం ‘అంబులిమామ’ 1947లోనే మొదలయింది. చాలావరకు అవే కథలు, అవే బొమ్మలు, మాటలు మాత్రం వేరు. అమెరికాలో అంకె ఒక్కటి మారినట్లు ఇక్కడ అక్షరం మారింది. తిరుత్తణి ఇంట్లో పిల్లవాడికి రెండూ అందుబాటులో ఉండగలిగినవే. ఒకే ఇంటి కట్టలో కొన్నేళ్ళ వరకు చందమామలు, ఆ తరువాత అంబులిమామలు కనిపిస్తే ఆ కుటుంబపు బడి భాష మారిందనుకోవడానికి వీలుంటుంది. రెండూ ఒకే నెలవి కలిసి కనిపిస్తే ఆ ఇంట అన్న తెలుగు బడికి, చెల్లెలు తమిళ బడికి వెళ్ళి ఉండవచ్చు. ఇది తేలాలంటే కట్టను విప్పక ముందే, ఏ ప్రతి పైన ఏది ఉందో వరుస రాసుకోవాలి. పాతకాగితం తూకానికి వేసే ఇళ్ళవారిని ముందుగా కలుసుకోగలిగితే ఇంకా మంచిది.