బొమ్మకు దాహం వెయ్యదు

జడ్చర్ల నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర దాటుతాం. ఆ కర్నూలు జిల్లాలోనే కేతవరం. ఇంకా కిందికి పోతే, పెన్నా కోసిన గండికోట లోయ ఉన్న కడప జిల్లాలో చింతకుంట. రెండు చోట్లా ఆదిమానవులు రాతి మీద వేసిన బొమ్మలున్నాయి. చూడ్డానికి జనం పోవడం మంచిదే. నా పేచీ చూసే తీరుతో. వెలిసిన బొమ్మ మీద సీసాలో నీళ్లు చల్లి, రంగు తేలగానే ఫోటో తీయడం మన దేశంలో పాత అలవాటు. ఒకప్పుడు పరిశోధకులూ ఈ పని చేశారు.

ఆ బొమ్మల ఎరుపు మనం ఎరగనిదేం కాదు. పాలమూరు పల్లెల్లో అరుగులకు పూసే జాజు లాంటిదే, ఇనుము కలిసిన మన్ను. అరుగు మీది జాజు పండుగకు మళ్లీ పూస్తారు. రాతి మీదిదాన్ని మళ్లీ పూసేవాడు లేడు. తడిపినప్పుడు రంగు కాసేపు నిగనిగలాడుతుంది. ఆరేటప్పుడు నీళ్లలోని, రాతిలోని లవణాలు పైకి తేలి తెల్లటి పొర కడతాయి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కనిపించేది అలాంటి పొరే. దాంతో బొమ్మ మునుపటికంటే మసకబారుతుంది, తర్వాత వచ్చినవాడు ఇంకో సీసా ఒంపుతాడు. వేల ఏళ్లు వానకు తడవలేదా అంటారు కొందరు. తడవలేదు గనకే మిగిలాయి. పైన రాయి చూరులా ముందుకు వంగి వాన ఆపిన చోటే అవి నిలిచాయి.

ఫ్రాన్స్‌లో ఆర్డెష్ నది లోయలో ఇలాంటి ఆదిమ బొమ్మలున్న షోవే గుహ 1994లో బయటపడింది. దాన్ని జనానికి తెరవలేదు, 2015లో దగ్గర్లో నకలు గుహ కట్టి చూపించారు. మనమూ మూసేద్దామా? మనవి చాలావరకు గుహలు కావు, రాతి చూర్లు. తలుపు ఎక్కడ పెడతాం? పైగా ఎవరూ పోకపోతే విలువ తెలియక క్వారీలకు పోతాయన్న భయం ఉత్తది కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అందుకే పోవాలి, చెయ్యి పెట్టకుండా చూడాలి. వెలిసిన రంగును ఫోటోలోనే తేల్చే డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ 2005 నుంచే ఉంది, నీళ్లతో పనే లేదు. ఈసారి పోతే సీసా మూత మీ దాహానికే తీయండి.