‘ణ’ను మింగిన స్పెల్లింగు

అనంతపురం జిల్లాలోని కణేకల్ పేరులో రెండో అక్షరం ‘ణే’. బొమ్మనహాల్ రైతుకు, బళ్లారి నుంచి వచ్చే కన్నడ వ్యాపారికి అది తడుముకోకుండా పలుకుతుంది. దూరపు జిల్లాల తెలుగువాళ్లలో మాత్రం ‘కనేకల్’ అనేవాళ్లే ఎక్కువ. తప్పంతా వాళ్ల యాసదని ఇక్కడివాళ్లు తేల్చేస్తారు. నాకలా అనిపించదు. బాణం, ప్రాణం అనగలిగిన నాలుకకు కణేకల్ కష్టమేమీ కాదు. ఆ పేరు వాళ్లకు మొదట చేరేది బదిలీ ఉత్తర్వులోనో, ఫోన్ మ్యాపులోనో, ఇంగ్లిషు అక్షరాల్లో. ఎన్ అన్న ఒక్క అక్షరం నకూ ణకూ కలిపి కాపలా కాస్తుంటే, చదివేవాడు తేలికైనదాన్నే పట్టుకుంటాడు. తెలుగువాడు తెలుగు ఊరి పేరును ఇంగ్లిషు గుండా చదవాల్సి రావడమే అసలు జబ్బు.

దీని వేర్లు పాతవే. కుంపిణీ దొరలు చెవికి తోచినట్టు రాసుకున్న పేర్లను 1870లలో విలియం విల్సన్ హంటర్ ఒక పద్ధతిలో పెట్టాడు. ఆ పద్ధతిలోనూ ట, డ, ణలను త, ద, నల నుంచి వేరుచేసే గుర్తు లేదు. అప్పటికే నలిగిన పేర్లు పాత స్పెల్లింగులతోనే మిగిలాయి. మన జిల్లాలోనే గుత్తిని చూడండి. జి, రెండు ఓలు, టి, వై. ఆ ఊరు ఎరగనివాడు దాన్ని ‘గూటీ’ అనక ఏమంటాడు? 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన నీలి సాలీడు గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. అందుకే సాలీళ్లు పెంచే విదేశీయులు దాన్ని ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు, అదీ ‘గూటీ’గానే. వాళ్లను తప్పుపట్టలేం. అనంతపురం కుర్రవాడు కూడా ‘గూటీ’ అనడమే నాకు బాధ.

ఇంగ్లండులో మాత్రం ఇలా లేదా అని అడగవచ్చు. లెస్టర్, వూస్టర్ పేర్లను రాసినట్టు చదివితే అక్కడివాళ్లు నవ్వుతారు. కానీ ఆ స్పెల్లింగులు వాళ్లవే. రాత పాతదై నిలిచింది, నోరు ముందుకు సాగింది. మనకు నోరు నిలిచే ఉంది. పైనుంచి వచ్చిన రాత దాన్ని లాగుతోంది. ఊళ్లో పలుకుబడే రెండు రకాలుగా ఉంటే స్థానికమనేది ఏదన్న ప్రశ్న ఇంకొంచెం బరువైనది. నిజమే, కన్నడిగులు ‘కణేకల్లు’ అంటారు. కణేకల్ ఉన్న రాయదుర్గం తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలోదే, రెండు భాషలూ ఇక్కడ ఇంటివే. చివర ‘ల్లు’ ఉన్నా లేకున్నా పరవాలేదు. రెండు నోళ్లూ ‘ణ’ను వదల్లేదన్నది గమనించాలి.

మరి స్పెల్లింగు మార్చేస్తే సరిపోదా? 2005లో కడప స్పెల్లింగు మార్చారు, 2014లో బళ్లారిది మార్చారు. పాత వంకర్లు పోవడం మంచిదే. అయినా కడప కొత్త స్పెల్లింగులోని డి అక్షరం డకారమో దకారమో చెప్పదు. ‘కదపా’ అనేవాడు ఇప్పటికీ అనవచ్చు. ఇరవయ్యారు అక్షరాలను ఎంత దిద్దినా మన వర్ణమాల వాటిలో ఇమడదు. అందుకే దిద్దాల్సింది మరోచోట. తెలుగు వాడకందారుకు మ్యాపు పేరును తెలుగు లిపిలో ముందు చూపాలి. దారి చెప్పే గొంతు ఆ లిపిని చూసే పలకాలి. బదిలీ ఉత్తర్వులోనూ, బ్యాంకు శాఖ పేరులోనూ, బస్సు రిజర్వేషన్ చీటీలోనూ తెలుగు పేరు పక్కన ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఫారంలో ఇంకొక గడి చాలు.