తేలిపోయే హక్కు: అరవైల రాక్ రికార్డుల్లో ఆడగొంతు

అరవైల నాటి సైకెడెలిక్ రాక్ ఆల్బమ్‌లలో మీకు ఇష్టమైనవేవో చెప్పమంటే, ఆ సంగీతం తెలిసిన మగ స్నేహితులు ఊపిరి తీసుకోకుండా పది పేర్లు చెప్పేస్తారు. ఆ జాబితాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నా జాబితాలో నాలుగే ఉన్నాయి. వాటిని ఎంచుకున్న కొలత కూడా వేరు. ఈ పాటల్లో ఒళ్ళు మరచి తేలిపోతున్నది ఎవరు? వాళ్ళు తిరిగొచ్చేదాకా ఇల్లు కనిపెట్టుకుని ఉన్నది ఎవరు? నేను వెతుక్కున్నది ఈ ప్రశ్నలకు జవాబులే.

ఈ సంగీతం నాకు దొరికింది నాంపల్లి, ఆబిడ్స్ మధ్య. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ రాతి గడియారపు స్తంభాన్ని, దాని కింది ఐస్‌క్రీం దుకాణాలను దాటి ఆబిడ్స్ వైపు నడిస్తే, ఆదివారాలు మూసిన షాపుల ముందు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. పిహెచ్.డి. చేసే రోజుల్లో ఆ పుస్తకాల మధ్య అప్పుడప్పుడూ పాత ఎల్పీ అట్టలు కనపడేవి. కొన్నిటిలో రికార్డు ఉండేది కాదు. ఉన్నా వినడానికి నా దగ్గర ప్లేయర్ లేదు. అట్ట కొనుక్కుని పాట ఫోన్లో వినేదాన్ని. అలా ఈ ఆల్బమ్‌లు నాకు ముందు బొమ్మలుగా, తర్వాత పాటలుగా పరిచయమయ్యాయి. అట్ట మీద స్త్రీ ఎలా ఉంది, పాటలో ఎలా ఉంది అని పోల్చి చూడటం అక్కడే అలవాటైంది.

సైకెడెలిక్ అన్న మాటను 1950లలో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు గ్రీకు పదాల నుంచి తయారుచేశాడు. మనసును బయటపెట్టేది అని దాని అర్థం. పదేళ్ళు తిరిగేసరికి అది ఒక సంగీతానికి పేరైంది. సాగదీసిన గిటారు, వెనక్కి తిప్పి వినిపించే టేపులు, ప్రతిధ్వనులు, మన తంబురా నాదం – వీటన్నిటితో వినేవాణ్ణి తనలోంచి తనను బయటకు లాగే సంగీతం అది. 'వినేవాణ్ణి' అని తెలిసే రాశాను. ఆ సంగీతం ఊహించుకున్న శ్రోత మగవాడే.

మొదటిది బీటిల్స్ 1967లో తెచ్చిన 'సార్జంట్ పెప్పర్స్'. ఇందులో 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' అనే పాట ఉంది. ఒక అమ్మాయి తెల్లవారుజామున ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. పత్రికలో వచ్చిన వార్త దానికి మూలం. చాలా అందమైన పాట, నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది. కానీ జాగ్రత్తగా వింటే, కథ చెప్పే గొంతు ఒకటి, ఏడ్చే తల్లిదండ్రుల గొంతు ఇంకొకటి. వెళ్ళిపోయిన పిల్ల మాత్రం ఒక్క మాటా మాట్లాడదు. ఇల్లు వదిలిన ఆడపిల్లలు మన సాహిత్యానికి కొత్త కాదు. 1927 నాటి 'మైదానం'లో రాజేశ్వరి తన కథ తానే చెప్పుకుంది, ఆ మాటలు రాసింది చలమే అయినా. ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ ఎందుకు వెళ్తోందో మనకు ఆమె ద్వారానే తెలుస్తుంది. బీటిల్స్ పాటలో ఆ అమ్మాయి ఒక ఖాళీ మంచం మాత్రమే.

ఆ పాట మొదట్లో వినిపించే హార్ప్ వాయించింది షీలా బ్రోంబెర్గ్. బీటిల్స్ రికార్డింగులో వాయించిన మొదటి మహిళ ఆమె. ప్రతిఫలం తొమ్మిది పౌండ్లు. అట్ట మీద ఆమె పేరు లేదు. అదే ఆల్బమ్‌లో జార్జ్ హారిసన్ పాటకు తంబురా, దిల్‌రుబా, తబలా వాయించిన లండన్ భారతీయ కళాకారుల పేర్లూ లేవు. ప్రపంచాన్నంతా ప్రేమతో కలుపుకుంటామన్న ఆల్బమ్ అది. ఎవరి పేరు అచ్చువేయాలి, ఎవరిది అక్కర్లేదు అన్న లెక్క మాత్రం పాతదే!

రెండోది జిమీ హెండ్రిక్స్ 'ఎలక్ట్రిక్ లేడీలాండ్', 1968. ఇందులో పద్నాలుగు నిమిషాల దాకా సాగే పాట ఒకటుంది. యుద్ధంతో పాడైన నేలను వదిలి ప్రేమికులిద్దరూ సముద్రంలోకి వెళ్ళిపోతారు. గిటారు నీళ్ళలా కదులుతుంది. నేను విన్న సంగీతంలో అంత స్వేచ్ఛ మరెక్కడా లేదు. అయితే ఇంగ్లండులో ఆ ఆల్బమ్ అట్ట మీద వేసింది పంతొమ్మిదిమంది నగ్న స్త్రీల ఫోటో. హెండ్రిక్స్ కోరింది అది కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆలిస్ విగ్రహం మీద పిల్లలతో కలిసి తామంతా కూర్చున్న ఫోటో వేయమన్నాడు. దాన్ని తీసింది లిండా ఈస్ట్‌మన్ అనే స్త్రీ. కంపెనీ ఒక స్త్రీ తీసిన బొమ్మను పక్కనపెట్టి, స్త్రీలనే బొమ్మగా మార్చింది. ఒక నల్లజాతి కళాకారుడి కోరికను పక్కకు నెట్టడమూ ఆ ఒక్క పనిలోనే జరిగిపోయింది. పితృస్వామ్యం ఒంటరిగా పనిచేయదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఆలిస్ మూడో ఆల్బమ్‌లో మళ్ళీ కనిపిస్తుంది. జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్ బృందం 1967లో తెచ్చిన 'సర్రియలిస్టిక్ పిల్లో' అట్ట మీద అయిదుగురు మగవాళ్ళతో పాటు గ్రేస్ స్లిక్ ఉంటుంది, వాళ్ళలో ఒకరిలాగే. 'వైట్ రాబిట్' ఆమె రాసి పాడిన పాట. నిడివి రెండున్నర నిమిషాలే. కవాతులా నెమ్మదిగా మొదలై, ఒక్కో మెట్టే ఎక్కి, చివరికి కేకగా ముగుస్తుంది. కుందేలు వెంట పడి బొరియలోకి దిగిన ఆలిస్ కథను ఎంతోమంది పిల్లలకు జోలపాటలా చదివారు. స్లిక్ దాన్ని ఆదేశంగా మార్చింది. ఆ గొంతులో కవ్వింపు లేదు, బతిమాలుకోవడం లేదు, నన్ను చూడండి అన్న ధోరణి అసలే లేదు. ఆమె చూస్తోంది. ఏం చూసిందో మనకు చెబుతోంది. స్త్రీ ఇక్కడ దృశ్యం కాదు, ద్రష్ట.

నాలుగోది బిగ్ బ్రదర్ అండ్ ద హోల్డింగ్ కంపెనీ 1968 ఆల్బమ్ 'చీప్ థ్రిల్స్'. జానిస్ జాప్లిన్ గొంతు బొంగురుపోతుంది, విరిగిపోతుంది, విరిగినచోట నుంచే మళ్ళీ లేస్తుంది. అందంగా పాడాలన్న షరతును ఆమె అంగీకరించలేదు. సుశీల గొంతును కథానాయికకు, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతును క్లబ్బు పాటకు కేటాయించిన సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళం మనం. ఒళ్ళు మరచిన ఆడగొంతు అంటే చెడిపోయినదాని గొంతు అని మన చెవులకు ఎవరూ చెప్పకుండానే నేర్పారు. 1973లో 'దేవుడు చేసిన మనుషులు'లో ఈశ్వరి పాడిన పాట ఇప్పటికీ పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతుంది. అందరికీ ఆ పాట కావాలి. ఆ గొంతుకు గౌరవం ఇవ్వడానికి మాత్రం అందరూ వెనకాడతారు. జాప్లిన్‌ను వింటుంటే నాకు ఈశ్వరి గొంతు కొత్తగా వినపడింది.

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఈ ఆల్బమ్‌లో జాప్లిన్‌కు పేరు తెచ్చిన 'బాల్ అండ్ చైన్' బిగ్ మామా థార్న్‌టన్ రాసిన పాట. 'పీస్ ఆఫ్ మై హార్ట్' అంతకు ముందు ఏడాదే ఎర్మా ఫ్రాంక్లిన్ రికార్డు చేసింది. ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. రాబర్ట్ క్రంబ్ వేసిన అట్ట మీద నల్లజాతి స్త్రీ కనిపిస్తుంది కానీ, తెల్లపిల్లవాణ్ణి ఎత్తుకున్న దాదిగా, వెక్కిరింత బొమ్మగా. పాట ఆమెది, తేలిపోయింది మరొకరు. నాట్లు వేస్తూ దళిత, బహుజన స్త్రీలు కట్టుకున్న పాటల కింద 'జానపదం' అని ఒక్క ముక్క వేసి, సేకరించినవారి పేరు పెద్దక్షరాల్లో అచ్చువేసే మనకు ఈ సంగతి కొత్తగా వివరించాలా?

ఇదంతా అమెరికా, ఇంగ్లండుల గొడవ అనుకోకూడదు. అవే ఏళ్ళలో మన దగ్గరా ఒక తిరుగుబాటు వచ్చింది. 1965 మేలో, హైదరాబాదులో, అర్ధరాత్రి వేళ, దిగంబర కవుల మొదటి సంపుటిని ఆవిష్కరించింది నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. కవులు పేర్లు మార్చుకున్నారు. వారాలకు, రుతువులకు కూడా కొత్త పేర్లు పెట్టారు. మర్యాద ముసుగును చింపేశారు. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆరుగురూ మగవాళ్ళే. 1968లో విశాఖపట్నంలో మూడో సంపుటిని ఒక నిరుపేద స్త్రీ చేత ఆవిష్కరింపజేశారు. పుస్తకం ఆమె చేతిలో ఉంది, పుస్తకంలో ఆమె మాట లేదు. అదే దశాబ్దంలో రంగనాయకమ్మ, వాసిరెడ్డి సీతాదేవి లాంటివాళ్ళు నవలలు రాస్తూనే ఉన్నారు. ఉన్మాదం, ఉగ్రత మగ కవిత్వానికి విలువలయ్యాయి, ఆడవాళ్ళ రాతలకు వంటింటి సాహిత్యమన్న వెక్కిరింత మిగిలింది. స్త్రీ తన లోపలికి తాను చేసిన ప్రయాణం కవిత్వంగా నాకు దొరికింది రేవతీదేవి 'శిలాలోలిత'లో. అది 1981లో, ఆమె చనిపోయాక అచ్చయింది.

తంబురా విషయమే చూడండి. ఈ రాక్ ఆల్బమ్‌లలో అది నేపథ్యపు మత్తు. కచేరీల్లో మనకు తెలిసిన దృశ్యం, గాయకుడి వెనక తలవంచుకుని తంబురా మీటే శిష్యురాలు. కానీ 1940లలో మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళంతో వేదికెక్కినప్పుడు తంబురా కథ చెప్పే స్త్రీ భుజం మీదికి వచ్చింది. వాద్యం అదే, ఎవరి చేతిలో ఉంది, ఏ పనికి ఉంది అన్నదే తేడా.

తేలిపోయే హక్కు అంటున్నానంటే మత్తుమందును వెనకేసుకొస్తున్నానని కాదు. జాప్లిన్ ఇరవయ్యేడేళ్ళకే, 1970లో హెరాయిన్‌కు బలైపోయింది. నేనడిగేది అంతకంటే మామూలు విషయం. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని ఒక గంట. పాలు పొంగుతాయేమో, పిల్ల లేస్తుందేమో అన్న ధ్యాస లేకుండా ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా వినగలగడం. మగవాళ్ళ జాబితాలకు పునాది ఆ గంటే. అది వాళ్ళకు అడక్కుండానే దొరికింది. మనలో భక్తురాలికి మైమరపు ఉంది, విరహిణికి ఉంది. తన కోసం తాను మైమరిచే స్త్రీకి మాత్రం మంచి మాట ఒక్కటీ లేదు.

అందుకే ఈ నాలుగింటికి ఒక అయిదో పేరు చేరుస్తున్నాను, జాబితాల్లో కనపడనిది. గ్రేస్ స్లిక్ రాకముందు జెఫర్సన్ ఎయిర్‌ప్లేన్‌లో పాడింది సిగ్నీ టోలీ ఆండర్సన్. 1966లో ఆమెకు కూతురు పుట్టింది. చంటిపిల్లతో ఊళ్ళు తిరగడం కుదరక ఆ ఏడాదే బృందం వదిలేసింది. మిగతావాళ్ళు కొద్ది నెలల్లో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. ఆమె 2016లో చనిపోయింది. బృందం మొదటి ఆల్బమ్‌లో ఆమె ఒక బ్లూస్ పాట పాడింది, అదీ మెంఫిస్ మిన్నీ అనే నల్లజాతి గాయని పాటే. లోతైన, నిబ్బరమైన గొంతు. 'వైట్ రాబిట్' వినే ముందు ఒకసారి ఆ పాట వినండి. ఒకామె ఎగరడానికి ఖాళీ అయిన చోటు ఇంకొకామెదని ఆ గొంతు గుర్తుచేస్తుంది.