కొలత సోఫా దగ్గర మొదలవ్వాలి

కొత్త ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని మొదలుపెట్టగానే అన్నిటికన్నా ముందు ఖాయమైపోయేది హాల్లోని టీవీ గోడ. డిజైనర్ కంప్యూటర్లో చూపించిన బొమ్మ నచ్చుతుంది, అడ్వాన్సు ఇచ్చేస్తారు. టీవీ కొనకముందే, స్పీకర్ల ఊసు రాకముందే యూనిట్ తయారైపోతుంది. ఆ తరవాత ఇష్టపడి తెచ్చుకున్న రిసీవర్, అంటే స్పీకర్లని నడిపే పెట్టె, అరలో పట్టదు. సెంటర్ స్పీకర్‌కి చోటుండదు. పెద్ద స్పీకర్లు రెండూ ఒకే మూలకి చేరతాయి. తెలిసినవాళ్లు హోం థియేటర్ గురించి అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే: స్టాండు అన్నిటికన్నా ఆఖర్న కొనండి. ముందు కూర్చునే చోటు, తరవాత తెర, ఆ తరవాత పెట్టెలు. ఈ మూడూ కొలిచాకే చెక్క.

చెక్కపని ముందు చేయించే అలవాటు పాతకాలం నుంచి వచ్చింది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అప్పటి టీవీ ఒక బరువైన పెట్టె; బొమ్మా అందులోదే, మాటా అందులోదే. షోకేసులో పెట్టినా, గోడ గూట్లో పెట్టినా, బల్ల మీద పెట్టినా పెద్ద తేడా రాలేదు. ఇప్పటి టీవీ రెండు మూడు అంగుళాల మందానికి చిక్కిపోయింది. అంత పలచటి పెట్టెలో మంచి స్పీకరు పట్టదు. ఉన్న చిన్న స్పీకర్లు కూడా చాలా టీవీల్లో కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అందుకే శబ్దం బయటికొచ్చి సౌండ్‌బార్ అయింది, అయిదారు స్పీకర్లయింది. వాటిలో కొన్నిటినీ, వాటిని నడిపే పెట్టెనీ మోయాల్సింది స్టాండే. దాన్ని అలంకారంగా చూసే రోజులు పోయాయి.

కొలత సోఫా దగ్గర మొదలవ్వాలి. మామూలు సోఫాలో కూర్చున్న పెద్దవాళ్ల కన్ను నేల నుంచి దాదాపు 40 అంగుళాల ఎత్తులో ఉంటుంది. తెర మధ్యభాగం దాదాపు ఆ ఎత్తుకు రావాలి. 55 అంగుళాల టీవీ తెర ఎత్తు 27 అంగుళాలు. 40లోంచి అందులో సగం, టీవీ కింద కాళ్ల ఎత్తు తీసేస్తే స్టాండుకి మిగిలేది సుమారు 24. అదే 65 అంగుళాల టీవీ అయితే స్టాండు 21, 22కి దిగాలి. టీవీ పెరిగేకొద్దీ స్టాండు తగ్గాలన్న సంగతి కొనేటప్పుడు చాలామందికి తట్టదు. మన ఇళ్లలో రాత్రి సినిమా చాప మీద చూసేవాళ్లూ ఉంటారు. నేల మీద కూర్చుంటే కన్ను 30 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. అలాంటి ఇంట్లో ఇంకో రెండు మూడంగుళాలు తగ్గించినా నష్టం లేదు. గోడకి అయిదున్నర అడుగుల ఎత్తున బిగించిన టీవీ నిలబడి చూసేవాళ్లకి పనికొస్తుంది; కూర్చున్నవాళ్ల మెడకి శిక్ష.

తరవాత వెడల్పు. 55 అంగుళాల టీవీ అడ్డంగా 48 అంగుళాలుంటుంది, 65 అయితే 57. చాలా టీవీల కాళ్లు ఇప్పుడు మధ్యలో కాకుండా రెండు చివర్లా వస్తున్నాయి. స్టాండు అంతకన్నా పొట్టిదైతే ఒక కాలు గాల్లో ఉంటుంది. అలాగని గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా యూనిట్ కట్టించకూడదు. కూర్చునే చోటు నుంచి చూస్తే కుడి ఎడమ స్పీకర్లు మధ్య గీతకి ఇటూ అటూ 22 నుంచి 30 డిగ్రీల కోణంలో ఉండాలంటారు. సోఫా ఎనిమిదడుగుల దూరంలో ఉంటే ఆ స్పీకర్ల మధ్య ఆరున్నర నుంచి తొమ్మిదడుగుల ఎడం కావాలి. అయిదడుగుల స్టాండు పెట్టుకుంటే రెండు పక్కలా నేల మిగులుతుంది, స్పీకర్లు తమ చోట్లో నిలబడతాయి.

రిసీవర్ విషయంలో లోతే అసలు చిక్కు. మామూలుగా వచ్చే ఏవీ రిసీవర్ వెడల్పు 17 అంగుళాలు, ఎత్తు ఆరేడు, లోతు 13 నుంచి 16. వెనక హెచ్‌డీఎంఐ పిన్నులు, స్పీకర్ తీగలు వంగడానికి ఇంకో మూడంగుళాలు. అంటే పెద్ద రిసీవర్‌కి అర లోపలి లోతు 19కి తగ్గకూడదు. షోరూముల్లో అందంగా కనిపించే 14, 15 అంగుళాల యూనిట్లు ఇక్కడే ఓడిపోతాయి. దానికి తోడు రిసీవర్ బాగా వేడెక్కుతుంది. ఆ వేడి దాని పైభాగంలోని చిల్లుల్లోంచి బయటికి పోవాలి. మన ఎండాకాలంలో హాలే ముప్పైఅయిదు డిగ్రీలుంటే, తలుపు మూసిన అరలో పెట్టిన యంత్రం పొయ్యి మీద పెట్టినట్టే. పైన నాలుగైదు అంగుళాల ఖాళీ వదలాలి. అరకి వెనక చెక్క కొట్టకుండా తెరిచి ఉంచాలి. వెనక చెక్క లేకపోతే పని అసంపూర్తిగా ఉందని వడ్రంగికి అనిపించవచ్చు. కారణం ముందే చెబితే ఆయనే శుభ్రంగా అంచులు కట్టి ఇస్తాడు.

సినిమాలో మాటలు ఎక్కువగా వచ్చేది సెంటర్ స్పీకర్ నుంచి. దాన్ని అర లోపలికి నెట్టేస్తే మాట గుహలోంచి వచ్చినట్టు మోగుతుంది. స్పీకర్ ముఖం అర అంచుతో సమంగా ఉండాలి, కింద రబ్బరు ముక్కలుండాలి, చెవికన్నా బాగా కిందుంటే ముఖం కొంచెం పైకి ఎత్తాలి. సౌండ్‌బార్‌ని టీవీ ముందు పెట్టేటప్పుడు అది తెర కింది అంచునీ, రిమోట్ కిరణాలు అందుకునే కన్నునీ కప్పకుండా చూసుకోవాలి. అట్మాస్ కోసం, అంటే పైనుంచి కూడా శబ్దం వినిపించేలా, పైకి శబ్దం వదిలే బార్‌ని అరలో పెడితే ఆ శబ్దం చెక్కకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. వూఫర్‌కి స్టాండులో చోటు అసలు వెతకొద్దు. అది నేల మీద ఉండాలి. అరలో పెడితే తలుపులూ గాజుపలకలూ గడగడలాడతాయి.

చెక్క దగ్గర పొదుపు చేయకండి. రిసీవరే పది కిలోలుండొచ్చు. పార్టికల్ బోర్డు అర నడుమ ఆసరా లేకుండా మూడడుగులు దాటితే కాలక్రమేణా కుంగుతుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. 19 ఎంఎం ప్లైవుడ్, మధ్యలో ఒక నిలువు చెక్క ఉంటే ఏళ్లపాటు నిలుస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో స్టాండునీ టీవీనీ పట్టీలతో గోడకి కట్టడం తప్పనిసరి. సొరుగు లాగి దాని మీద ఎక్కే పిల్లలకి బరువెటు తూగుతుందో తెలియదు.

యూనిట్‌కి అడ్వాన్సు ఇచ్చేముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. పాత వార్తాపత్రికలు అతికించి టీవీ కొలతకి కత్తిరించి గోడకి అంటించండి. ఇంట్లో అందరినీ వాళ్ల వాళ్ల చోట్లలో కూర్చోబెట్టండి. కాగితం కిందికీ పైకీ జరిపి, అందరికీ నచ్చిన చోట పెన్సిల్ గీత గీయండి. రిసీవర్ లోతు కంపెనీ వెబ్‌సైట్లో చూసి, దానికి మూడంగుళాలు కలిపి రాసుకోండి. ఆ గీతా ఆ అంకెలూ వడ్రంగి చేతికి ఇవ్వండి. చెవి మందగించిన పెద్దవాళ్లు కూడా రిమోట్‌తో శబ్దం పెంచమనకుండా ప్రతి మాటా వినగలిగితే ఆ స్టాండు మంచిది. దాని రంగూ మెరుపూ ఆ తరవాత చూసుకోవచ్చు.