కుంభాభిషేకానికి ముందు ఒక మాట

మలక్కా వెళ్ళిన మనవాళ్ళు కోట గుమ్మం దగ్గర ఫొటో తీయించుకుని వెనక్కి వచ్చేస్తారు. నది దాటి కాస్త నడిస్తే జాలాన్ తుకాంగ్ ఎమాస్ వస్తుంది. అంటే కంసాలి వీధి. అదే ముందుకు సాగి జాలాన్ తుకాంగ్ బెసి, కమ్మరి వీధి, అవుతుంది. 1781లో డచ్చివారిచ్చిన స్థలంలో మలక్కా చెట్టిలు కట్టుకున్న పొయ్యాత వినాయగర్ గుడి అక్కడే ఉంది. దాని పక్కనే 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు (ఈ క్లింగ్ మన కళింగమేనంటారు), మరి నాలుగడుగులు వేస్తే చైనావారి చెంగ్ హూన్ తెంగ్ ఆలయం. వీధులకి పనివాళ్ళ పేర్లు మిగిలాయి. నేను చెప్పబోయేది ఆ పనివాళ్ళ సంగతే.

చెంగ్ హూన్ తెంగ్ కప్పు మీది పువ్వులూ పక్షులూ రంగుల పింగాణీ గిన్నెలను ముక్కలుగా కత్తిరించి అతికినవి. దాన్ని బాగుచేసినప్పుడు పాత పద్ధతి వదలలేదు. 2002లో యునెస్కో బహుమతి వచ్చింది. పినాంగులో హాన్ జియాంగ్ ఆలయానికి 2006లో వచ్చింది. బహుమతి మాట అలా ఉంచండి, ఆ ధర్మకర్తలు పనివాడి కోసం వెతికారు. మనం కంట్రాక్టరు కోసం వెతుకుతాం.

మాకు తెలిసిన ఒక పాత గుడిలో కుంభాభిషేకం పేరిట సున్నపు గచ్చు గీకేసి సిమెంటు పూశారు. దానిమీద మెరిసే ఎనామిల్ రంగు. అందుకు సరేనని చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి గోడ పొక్కులెక్కింది, తెల్లగా ఉప్పు తేలింది. పాత ఇటుక గోడ నేలలోని చెమ్మను పీలుస్తుంది, సున్నం దాన్ని బయటికి వదులుతుంది. సిమెంటూ రంగూ కలిసి ఆ దారి మూసేస్తే తడి లోపలే ఉండి ఇటుకను తినేస్తుంది. చీము ఉన్న పుండుకు గట్టిగా కట్టు కట్టకూడదని రోజూ చెప్పే నాకు ఇది తట్టకపోవడమే వింత.

సిమెంటు వాడేవారిని నిందించలేను. సున్నం నానాలి, గానుగ ఆడాలి, బెల్లం నీళ్ళూ కరక్కాయ కషాయమూ కలపాలి. ఈ వానల దేశంలో ముహూర్తం దగ్గరపడితే అంత ఓపిక ఎవరికి?

నన్ను బాధపెట్టింది వేరే ఉంది. గోపురం బొమ్మలు చెయ్యడానికి తమిళనాడు నుంచి కొద్ది నెలల పర్మిట్ మీద పనివాళ్ళు వచ్చారు. మా పదేళ్ళవాడు పరంజా కింద నిలబడి, ఒక పెద్దాయన నెమలి మెడ తీర్చడం గంటసేపు చూశాడు. “నాకు నేర్పుతారా?” అని అడిగాడు. “డాక్టరుగారి అబ్బాయివి, నీకెందుకు బాబూ? మావాడే నేర్చుకోవడం లేదు” అని నవ్వాడాయన. నేనూ నవ్వాను. పర్మిట్ తీరి వాళ్ళు వెళ్ళిపోయారు. చందాదారుల పేర్లు పాలరాయి మీద ఉన్నాయి. ఆ పెద్దాయన పేరు నేనైనా అడగలేదు.

తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది. రాతిపనితోబాటు సుధాశిల్పం, అంటే ఈ సున్నపు బొమ్మల విద్య, అక్కడ నేర్పుతారు. ఇక్కడి ఎస్టేటు కుర్రాళ్ళలో ఆసక్తి ఉన్న ఇద్దరిని పంపడానికి వీలుందేమో మన సంఘం ఒక ఉత్తరం రాసి అడగవచ్చు. లేదా ఈసారి వచ్చే స్థపతితోనే, ఇద్దరు కుర్రాళ్ళను వెంట ఉంచుకోవాలని ఒప్పందంలో రాయించవచ్చు. వచ్చే మీటింగులో జమాఖర్చుల కాగితం తిప్పినప్పుడు రంగుల పద్దు కింద ఈ కుర్రాళ్ళ జీతానికి ఒక పద్దు చేర్చమని అడుగుతాను. మొదటి చందా నాది రాసుకోండి.