ప్రభుత్వ సంస్థల ఉమ్మడి సాఫ్ట్‌వేర్ నిర్మాణం: ‘ఎక్స్-రోడ్’ అనుభవం – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

భారత ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగ విధానాన్ని, అదే ఏడాది ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరచి ఉమ్మడిగా అభివృద్ధి చేసే విధానాన్ని ప్రకటించింది. ఆ కోడ్‌ను పంచుకోవడానికి ‘ఓపెన్‌ఫోర్జ్’ అనే వేదిక ఏర్పడింది. అయితే కోడ్‌ను బహిరంగపరచడమూ, దానిని కలిసి నిర్మించడమూ ఒకటేనా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

2. ఎస్టోనియా, ఫిన్లాండ్‌ల ఒడంబడిక

వివిధ శాఖల సమాచారాన్ని ఒకచోట పోగుచేయకుండానే, ఆ శాఖలు పరస్పరం సురక్షితంగా ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థ ఎక్స్-రోడ్. ఎస్టోనియా దీనిని 2001లో ప్రారంభించింది. 2013లో ఎస్టోనియా, ఫిన్లాండ్ ప్రధానమంత్రులు సహకార ఒప్పందంపై డిజిటల్ సంతకాలు చేశారు. 2016లో కోడ్ ఎం.ఐ.టి. లైసెన్సు కింద బహిరంగమైంది. ఆ మరుసటి ఏడాదే రెండు దేశాలూ కలిసి టాలిన్ నగరంలో ఎన్.ఐ.ఐ.ఎస్. అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించాయి. 2021లో ఐస్‌లాండ్ అందులో సభ్యదేశమైంది.

ఇక్కడ గమనించదగినది బాధ్యతల విభజన. ఉమ్మడి కోడ్ అభివృద్ధి ఆ సంస్థది, వ్యయం సభ్యదేశాలది, తన దేశంలో వ్యవస్థను నడిపే బాధ్యత ఎవరిది వారిదే. లైసెన్సు ప్రతిని తీసుకునే హక్కును ఇస్తుంది గాని, ప్రతులు విడిపోకుండా కాపాడలేదు. లేఖకుల చేతుల్లో తాళపత్ర కావ్యాలకు పాఠాంతరాలు పెరిగినట్లే, ప్రతి శాఖా విడిగా మార్చుకున్న కోడ్ కొన్నేళ్లకు పరస్పరం పొసగదు. ఒకరి దిద్దుబాటు మరొకరికి అందదు. పరిష్కర్త లేని పాఠానికి పట్టే గతే దానికీ పడుతుంది.

ఈ నమూనాకు పరిమితులు లేకపోలేదు. తక్కువ జనాభా గల ఇరుగుపొరుగు దేశాల మధ్య సాధ్యమైనది, భారతదేశంలోని రాష్ట్రాలన్నింటి మధ్య ఒక్కసారిగా సాధ్యం కాదు. కాని అది కూడా ఇద్దరితోనే మొదలైందని గుర్తించాలి.

3. తెలుగు రాష్ట్రాల సందర్భం

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో మొదలైన మీసేవ 2014 విభజనతో రెండు పాలనల కిందికి వెళ్లింది. పాలన వేరైనా భాష ఒకటే. పేర్లను తెలుగు అకారాది క్రమంలో అమర్చడం, ‘శ్రీనివాసరావు’ను కలిపి రాసినా విడదీసి రాసినా ఒకరిగానే గుర్తించడం, ఇంగ్లీషు లిపిలోని పేరును తెలుగులోకి మార్చడం ఇరు రాష్ట్రాల రెవెన్యూ, విద్యాశాఖలకు సమానమైన అవసరాలు. ధ్రువపత్రంలో ఒక్క అక్షరం తేడా పడితే కార్యాలయాల చుట్టూ తిరగవలసింది పౌరుడే.

4. ముగింపు

కోడ్‌ను తెరవడం సహకారానికి తొలి మెట్టు మాత్రమే. ఉమ్మడి నిధి, ఉమ్మడి నిర్ణయాధికారం, నిలకడైన నిర్వహణ బృందం ఉన్నప్పుడే అది ఫలిస్తుంది. పైన చెప్పిన భాషాంశాలతో రెండు తెలుగు రాష్ట్రాలు అటువంటి ప్రయత్నానికి పూనుకోవచ్చు. వర్ణక్రమ, లేఖన నియమాలను నిర్ణయించే ఆ బృందంలో విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర శాఖలకు స్థానం ఉండాలి. ఆ స్థానాన్ని కోరడం మన శాఖల బాధ్యత కూడా.