ఆక్స్‌ఫర్డు వాక్కు, పాలమూరు శ్రోత

కావ్యమెంత గొప్పదైనను వ్యాఖ్యాత లేక సామాన్యునకు అందదని నమ్మిన దేశము మనది. కాళిదాసుని కావ్యములను విప్పి చూపిన మల్లినాథసూరి మెదకు సీమలోని కొలచారమువాడని నేటికిని గర్వముతో చెప్పుకొనుచున్నాము. అట్టి తెలంగాణమున, జడ్చర్లలో, బూర్గుల రామకృష్ణారావుగారి పేరిటి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చదువుకొను విద్యార్థి, కాసైన చెల్లింపక, ఆక్స్‌ఫర్డు ఉపన్యాసశాలలో షేక్స్పియరును గూర్చి పలికిన మాటను పలికినట్లే తన చేతి ఫోనులో వినగలుగుచున్నాడనగా, విద్యాచరిత్రలో ఇది స్వల్పవిషయము కాదు.

ఆక్స్‌ఫర్డు ఉపన్యాసకులలో నా మనస్సును సంపూర్ణముగ దోచుకొన్నవారు ఎమ్మా స్మిత్ గారు. 2010లో ఆరంభమైన వారి ‘అప్రోచింగ్ షేక్స్పియర్’ ప్రసంగమాలలో నాటకమునకొక ప్రసంగము, ప్రసంగమునకొక ప్రశ్న. హామ్లెట్టునకు తండ్రి పేరే ఏల? మాక్బెత్తులో జరుగు ఘోరములను నిజముగ జరిపించునది ఎవరు? మరియొక నాటకమున గయ్యాళి యని పేరుపడిన కేథరిన్ కడకు లొంగినదా, లొంగినట్లు కనబడినదా? పసివాడైనను అడుగదగినంత సులభముగ తోచు ఈ ప్రశ్నలను చేతబట్టుకొని ఆమె పంక్తి పంక్తిని తట్టి చూచుచు, రంగస్థలమున నటులు చేసిన ప్రయోగములను సాక్ష్యమునకు పిలుచుచు, తీర్పు మాత్రము శ్రోతకే విడిచిపెట్టుదురు.

లియరు రాజును గూర్చిన ప్రసంగము ఈ పద్ధతికి పరాకాష్ఠ. లియరు కూతురైన కార్డీలియా మరణమును సహింపలేక 1681లో నేహమ్ టేట్ అను కవి ఆమెను బ్రదికించి, ఎడ్గరను పాత్రతో వివాహము జరిపి, ముగింపును మంగళప్రదము గావింపగా, ఆ మార్చిన నాటకమే సుమారు 150 ఏండ్లు ఆంగ్ల రంగస్థలమును ఏలినది. టేటును చూచి నవ్వువారు మరచునదేమనగా, షేక్స్పియరునకు ముందున్న పాత లియరు నాటకమున రాజు సుఖముగనే రాజ్యమును మరల పొందెను. ఆ కథను విషాదాంతము చేసినవాడు షేక్స్పియరే! ముగింపును మొదట తిరుగవ్రాసినవాడు షేక్స్పియరేయని తెలిసిన పిమ్మట, ఇంతటి దుఃఖమును మనము కోరి కోరి ఏల చూచుచున్నామను ప్రశ్న ఎవని హృదయమున మెదలకుండును?

షేక్స్పియరొక్కడే ఆ యుగము కాదని చాటుటకు స్మిత్ గారే ‘నాట్ షేక్స్పియర్’ అను మరియొక మాలను గ్రుచ్చినారు. పగ తీర్చుకొను తండ్రి కథయైన కిడ్ కవి ‘స్పానిష్ ట్రాజెడీ’, కర్త పేరు తెలియని ‘ఆర్డెన్ ఆఫ్ ఫావర్షమ్’, చెప్పులు కుట్టువాడు లండను నగరమునకు మేయరగు డెక్కరు నాటకము అందు చోటుచేసికొన్నవి. చరిత్రయందురా, 1576లో బర్బేజి కట్టించిన నాటకశాలతో ఊపందుకొని, 1642లో నాటకశాలల మూతతో ముగిసిన కాలమది. అంతకు మించి తేదీలు వల్లించుట నాకు రుచింపదు.

వినుటకొక క్రమము కలదు. ముందు మూలమును చదువవలయును, అదియు బిగ్గరగ. పది అక్షరములు, అయిదు ఊనికలుగ నడచు ఆ నాటకముల పంక్తి చెవికి పట్టినగాని కంటికి పట్టదు. మార్లో వ్రాసిన ఫాస్టసు నాటకమున, పదునొకండు కొట్టినది మొదలు పండ్రెండు కొట్టువరకు మిగిలిన చివరి గంటను కవి అరువదింటికి లోపు పంక్తులలో ఇమిడ్చెను. దానిని నోరార చదివినవానికి కాలము పరుగెత్తుటయన నేమో తెలియును. పిదప ప్రసంగము వినవలయును. అనుమానము కలిగినచోట ఆపవలయును. మరల మూలమునకు పోవలయును. నాటకములు ఫోల్జర్ గ్రంథాలయమువారు ఉచితముగనే అంతర్జాలమున నుంచినారు గనుక బీదరికము సాకు కాజాలదు.

మనకిది పరాయి విద్యయు కాదు. వావిలాల వాసుదేవశాస్త్రిగారు జూలియస్ సీజరును పందొమ్మిదవ శతాబ్దమందే తెలుగు పద్యములలోనికి దింపిరి. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు సారంగధరుని కథను విషాదాంతముగ నిలిపిరి. బళ్ళారి రాఘవ షేక్స్పియరు పాత్రలను ఆంగ్లమునందే నటించి మెప్పించెను.

ఇంతటి సంపద గుమ్మములో నుండగా మన పిల్లలచేతికి ఏమందించుచున్నాము? పరీక్షకు ముందురోజు కొను గైడు. అయిదంకముల నాటకమును పది నిమిషములకు కుదించి కేకలువేయు వీడియో. యంత్రము వండి వడ్డించు సారాంశము. వీనికిని ఆ ప్రసంగములకును భేదమిది: వ్యాఖ్యానము మూలమునొద్దకు చేయిపట్టి తీసికొనిపోవును, గైడు మూలమును చదువ నక్కరలేదని చెప్పును. లియరు దుఃఖమును నాలుగు మార్కుల జవాబుగ మార్చువారు టేటుకన్న పెద్ద అపరాధులు. టేటు కనీసము నాటకమును చదివెను!

కావున పాలమూరు విశ్వవిద్యాలయమువారికిని, జడ్చర్ల, మహబూబునగరు అధ్యాపకులకును నా మనవి యిది: వారమునకొక సాయంకాలము విద్యార్థులను కూర్చుండబెట్టి ఒక అంకము చదివించి, ఒక ప్రసంగము వినిపించి, తెలుగులో తర్కింపనిండు. అంతటితో ఆగక, సారంగధర మొదలు కన్యాశుల్కము వరకు మన నాటకములను గూర్చి నాటకమునకొక ప్రశ్న చొప్పున మీరే ప్రసంగించి, ఆ వాక్కును అందరికి ఉచితముగ విడువుడు. ఆక్స్‌ఫర్డు తన కవిని మనకు వినిపించినది. మన కవులను వినిపింపవలసిన వంతు మనదే.